పచ్చళ్ళ ఫ్రిజ్

పోయిన వారం నందిగామలో ఫ్రిజ్ కొనడానికి వెళ్ళాం. మా పాతది ఎండలు మొదలవగానే చేతులెత్తేసింది. కొట్టతను మమ్మల్ని వరసగా నిలబెట్టిన ఫ్రిజ్‌ల మధ్య తిప్పుతూ, దేనికి కరెంటు ఎంత తక్కువ కాలుతుందో, దేనిలో కూరగాయలు ఎన్నాళ్ళు నిలవుంటాయో చెబుతున్నాడు. రెండు తలుపులది ఒకటి నాకు నచ్చింది. ముందూ వెనకా చూసి, దీనికి తాళం ఉండదా అని అడిగాను. అతను నవ్వాడు. చిన్నవాటికైతే ఇంకా ఇస్తున్నారండీ, అయినా ఈ రోజుల్లో ఫ్రిజ్‌కి తాళం ఎవరేస్తారండీ అన్నాడు. మావారు నా వైపు ఒకసారి చూశారు. నేనెందుకు అడిగానో ఆయనకి తెలుసు.

నా హ్యాండ్‌బ్యాగు లోపలి జిప్పులో ఒక చిన్న తాళంచెవి ఉంటుంది. మా ఇంట్లో ఏ తాళానికీ అది పట్టదు. జగ్గయ్యపేటలో మా పెద్ద తోడికోడలి ఫ్రిజ్‌ది అది. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆ ఫ్రిజ్ కూడా పాత ఇనప సామాన్లవాడి బండెక్కింది. తాళంచెవి మాత్రం నా దగ్గర మిగిలింది.

ఆవిడ్ని నేను అక్కయ్యా అని పిలిచేదాన్ని. ఆవిడ నన్ను చివరిదాకా అమ్మాయ్ అనే పిలిచింది. నేను టీచరుగా రిటైరై, మోకాళ్ళకి తైలం రాసుకునే వయసుకొచ్చాక కూడా బస్టాండులో అందరి ముందూ "అమ్మాయ్, ఇటు" అని కేకేస్తే, చుట్టుపక్కలవాళ్ళు ఆ అమ్మాయెవరా అని వెతికేవారు. మనిషి పొడుగు, సన్నం. ఆవిడ నడుస్తుంటే పక్కవాళ్ళు పరిగెత్తాల్సిందే. కొంగు ఎప్పుడూ నడుముకి బిగించే ఉండేది, పెళ్ళిపందిట్లో ఉన్నా సరే. కూర్చుని మాట్లాడడం ఆవిడకి చేతనయ్యేది కాదు. ఇంటికి ఎవరొచ్చినా హాల్లో కుర్చీ చూపించి, తను ఫ్రిజ్ తలుపు తీసి, ఒక చెయ్యి తలుపు మీదా తల లోపలా పెట్టి కబుర్లు చెప్పేది. ఆవిడ చెప్పిన మాటల్లో సగం నేను ఫ్రిజ్ లోపల్నించి విన్నవే. పేపరు చదువుకుంటున్న బావగారు తల ఎత్తకుండానే, తలుపెయ్యి, మీటరు గిర్రున తిరుగుతోంది అనేవారు. ఆవిడ వేసేది. మళ్ళీ ఏదో గుర్తొచ్చి తీసేది.

అంతసేపు లోపల చూసుకోవడానికి ఏముందంటే, పచ్చళ్ళు. పై అరలో ఆవకాయ, మాగాయ. దాని కింద పండుమిరపకాయ, గోంగూర, ఉసిరికాయ, చింతకాయ తొక్కు. కోడిగుడ్ల కోసమని తలుపుకి చేసిన గుంటల్లో ఇంగువ డబ్బా, మెంతిపిండి. ఐసు గడ్డకట్టే చోట కొత్త చింతపండు, ఏడాదికి సరిపడా కారం. కాఫీపొడి సీసా ఖాళీ అయితే చాలు, కడిగి ఎండలో ఆరబెట్టి అందులో ఏదో ఒక పచ్చడి నింపేది. కూరగాయలు బయట బుట్టలో వాడిపోతుండేవి. పాలు పొద్దున కాచి సాయంత్రానికల్లా తోడేసేది. మంచినీళ్ళు కుండలో. ఊళ్ళో ఎవరింటికెళ్ళినా చల్లనీళ్ళు ఇచ్చేవారు గానీ ఫ్రిజ్ ఉండీ కుండనీళ్ళిచ్చే ఇల్లు అదొక్కటే. మే నెలలో నందిగామ నుంచి బస్సులో ఉడికిపోయి వచ్చినా నాకు ఆ కుండనీళ్ళే గతి.

నేను మొదట్నించీ అల్మారా పార్టీ. మా పుట్టింట్లో పచ్చళ్ళు చీకటిగా, పొడిగా ఉండే అల్మారాలోనే ఉండేవి. ఊరిన ఆవకాయని చల్లబరిస్తే దాని ప్రాణం పోతుందని మా అమ్మ అనేది, నేనూ అంటాను. వేడన్నంలో నెయ్యేసుకుని, ఫ్రిజ్‌లోంచి తీసిన ముక్క పెట్టుకుంటే ఏమవుతుందో తిన్నవాళ్ళకి తెలుసు. ముక్క చుట్టూ నెయ్యి పేరుకుంటుంది, అన్నం చల్లారుతుంది, నోట్లో సగం వేడి, సగం చలి. ఈ సంగతి మీద మేమిద్దరం వాదించుకోని పండగ లేదు, పెళ్ళి లేదు.

వాదనకి దిగితే ఆవిడ దగ్గర కారణాలకి కరువుండేది కాదు. ఒకసారి చీమలనేది. ఇంకోసారి సిమెంటు ఫ్యాక్టరీల దుమ్మనేది, అల్మారా తలుపు ఎంత బిగించినా సన్నటి దుమ్ము దూరుతుందనేది. మరోసారి రంగు. ఆవకాయ సీసా ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకుని, "ఏడాదైంది, ఎరుపు చూడు. మీ ఇంట్లోది నల్లగా బొగ్గయిపోలా?" అనేది. ఎండాకాలం కరెంటు పోతే ఇక చూడాలి. ఎవర్నీ ఫ్రిజ్ దగ్గరికి రానిచ్చేది కాదు. తడితువ్వాలు పిండి దాని నెత్తిన కప్పేది, జ్వరం తగిలిన పిల్లవాడి దగ్గర కూర్చున్నట్టు దాని పక్కనే నిలబడేది. ఆ కారణాలన్నీ ఆవిడ నమ్మే చెప్పేదని ఇప్పటికీ అనుకుంటాను. కానీ అవేవీ అసలు కారణం కావు. అసలుది నాకు ఒక్కసారే చెప్పింది.

అది చెప్పాలంటే మా అత్తయ్య అల్మారా గురించి చెప్పాలి.

జగ్గయ్యపేట ఇంటి వంటింట్లో, గోడలో, టేకు తలుపుల అల్మారా ఒకటి ఉండేది. దానికి ఇత్తడి గొళ్ళెం, గొళ్ళేనికి తాళం, తాళంచెవి అత్తయ్య బొడ్డున. పచ్చడి జాడీలన్నీ అందులో. మా మామగారిది కిరాణా కొట్టు. సరుక్కి వచ్చిన పల్లెటూరి బేరగాళ్ళలో సగంమంది మధ్యాహ్నం ఆ ఇంట్లోనే భోజనానికి కూర్చునేవారు. ఒక ఏడు ఎవరో తడిచేత్తో జాడీలో చెయ్యి పెడితే పచ్చడంతా బూజు పట్టి పెంటలో పారబోయాల్సి వచ్చిందట. మళ్ళీ మామిడికాయలొచ్చేదాకా ఇంటిల్లిపాదీ చారన్నంతో గడిపారట. అప్పట్నించీ అత్తయ్య తాళం వేసింది. భోజనాల ముందు తెరిచి, పొడిచేత్తో, పొడి గరిటెతో పింగాణీ గిన్నెలోకి తీసి, మళ్ళీ వేసేది. గిన్నెలోది అయిపోతే ఆ పూటకి అయిపోయినట్టే. అత్తయ్య పిసినారి కాదు, చెడ్డది అంతకంటే కాదు. నాకు ప్రతి ఏడూ నందిగామకి నిండు జాడీలు పంపించింది. కాని ఆ అల్మారా దగ్గర మాత్రం ఆవిడ మరో మనిషి.

మావారి ఉద్యోగం నందిగామలో కాబట్టి నేను కాపురానికి వెళ్ళింది అద్దింటికి. నా వంటిల్లు నాది, నా అల్మారాకి గొళ్ళెం కూడా లేదు. ఆ తాళంతో బతికింది అక్కయ్య. ఆవిడ కోరిక ఏమంత పెద్దది కాదు. తను వండే ఇంట్లో, తనకి తినాలనిపించినప్పుడు, ఎవర్నీ అడక్కుండా ఒక పచ్చడి మూత తీసుకోగలగడం. అంతే. కాపురానికొచ్చి అన్నేళ్ళయినా అది లేదు.

నా పెళ్ళైన కొత్తలో నేను అక్కడుండగానే ఫ్రిజ్ వచ్చింది. సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్సులో ఒక ఇంజనీరుగారు బదిలీ మీద వెళ్తూ సామానంతా అమ్మేస్తుంటే బావగారు తెచ్చారు. ఆకుపచ్చ రంగు, ఒకటే తలుపు, పిడి పక్కన తాళం కన్నం. రిక్షాలోంచి దించి హాల్లో పెట్టారు. అత్తయ్య వచ్చి దాని చుట్టూ తిరిగింది, తలుపు తీసి లోపల చెయ్యి పెట్టి చూసింది, ఆ కన్నం చూసింది. వెనక్కి తిరిగి చెయ్యి చాపింది. తాళంచెవేదీ అని కూడా అడగలేదు, అడగక్కర్లేదనుకుంది.

అక్కయ్య నేల చూపులు చూస్తూ, "రాలేదత్తయ్యా. ఎక్కడో పోయిందంట" అంది.

ఆ సాయంత్రం పెరట్లో బట్టలు తీస్తుంటే నా గుప్పిట్లో ఏదో చల్లగా పెట్టింది. చూస్తే తాళంచెవి. నందిగామ పట్టుకుపో, ఇది ఈ ఇంట్లో ఉండడానికి వీల్లేదు అంది. నేను ఆ ఇంటికి కొత్త. ఆవిడకి నా గురించి ఏం తెలుసని నమ్మిందో ఇప్పటికీ అర్థం కాదు. భయం భయంగా జాకెట్లో దోపుకున్నాను.

ఎందుకలా అబద్ధమాడావని నేను అడిగింది చాలా రోజుల తర్వాత. మా ఇంటికొచ్చినప్పుడు, చాట ముందేసుకుని ఆవాలు చెరుగుతూ చెప్పింది. మొదటి కానుపుకి ముందు, కడుపుతో ఉన్నప్పుడు, ఒక రోజు ఆవిడకి మాగాయ మీదికి మనసు పోయింది. అత్తయ్య ఇంట్లో లేదు, చుట్టాల పెళ్ళికని వీరులపాడు వెళ్ళింది. తాళంచెవి ఆవిడతోపాటే వెళ్ళింది.

"అల్మారా ముందు పీటేసుకు కూచున్నా అమ్మాయ్. తలుపు సందులోంచి వాసన వస్తానే ఉంది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకోడం, ఆ వాసన పీల్చుకోడం. అట్టా తిన్నా ఆ పూట."

చెప్పి నవ్వింది. చాట ఎగరేసింది. నాకు నవ్వు రాలేదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి, ఇదుగో ఇందుకే చదువుకున్నవాళ్ళకి ఏదీ చెప్పకూడదు అని విసుక్కుంది.

అలా ఆ ఇంట్లో రెండు ప్రభుత్వాలు నడిచాయి. అత్తయ్య జాడీలు అల్మారాలో తాళం కింద. అక్కయ్య విడిగా పెట్టుకున్న చిన్న చిన్న సీసాలు ఫ్రిజ్‌లో, ఎవరు కావాలంటే వాళ్ళు తీసుకునేలా. ఎప్పుడంటే అప్పుడు తలుపు తీసి, నిలబడే, స్పూనుతో ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకునేది. ఆకలుండి కాదు. అలా తీసుకోగలనని చూసుకోవడానికి.

ఒక ఎండాకాలం అత్తయ్య పెరట్లో జారిపడి కుడి మణికట్టు విరిగింది. ఆ ఏడు ఆవకాయ మొత్తం అక్కయ్య చేతిమీదుగానే జరిగింది. స్కూలుకి సెలవులు, నేనూ సాయానికెళ్ళాను. కాయలు తుడిచి, ముక్కలు కొట్టించి, ఆవపిండీ కారం ఉప్పూ పెద్ద బేసిన్లో కలిపి, నూనె పోసి, అన్నీ పద్ధతి ప్రకారమే చేసింది. తర్వాత చెయ్యవలసిందల్లా జాడీకెత్తి, గుడ్డ కట్టి, మూడో రోజుదాకా కదపకుండా వదిలెయ్యడం. ముక్క ఊరి, ఊట పైకొచ్చాక తిరగకలపడం. కానీ జాడీకెత్తితే అది వెళ్ళేది అల్మారాలోకి. అల్మారాలోకి వెళ్తే తాళం. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించినట్టు కూడా కనపడలేదు. కలిపిన పచ్చడి కలిపినట్టే సీసాలకెత్తి, ఆ సాయంత్రమే ఫ్రిజ్‌లో సర్దేసింది.

నేను అక్కయ్యా అన్నాను. ఆవిడ వినిపించుకోలేదు. మంచం మీదనుంచి అత్తయ్య అంతా చూసింది. అటు తిరిగి పడుకుంది.

మూడో రోజు వచ్చింది. ఆ ఇంట్లో ఏటా ఆ రోజొక పండగ. తిరగకలిపిన పచ్చడి జాడీకెత్తాక, బేసిన్ అంచులకి అంటుకున్న ఎర్రటి గుజ్జులో వేడన్నం వేసి కలిపి, అత్తయ్య తలా ఒక ముద్ద చేతిలో పెట్టేది. పచ్చడి కొలిచి పెట్టే మనిషి ఆ ఒక్కరోజు మాత్రం కొలిచేది కాదు. ఆ ఏడు బేసిన్ కడిగి బోర్లించి ఉంది. భోజనంలో అక్కయ్య ఫ్రిజ్ ఆవకాయ వడ్డించింది. ముక్క చెట్టు మీద కాయలా పచ్చిగా ఉంది. ఊట లేదు, నూనె చిక్కబడి ముద్దలా ఉంది, ఆవఘాటు ముక్కుకెక్కి అందరి కళ్ళూ చెమర్చాయి. బావగారు మంచినీళ్ళు తాగి లేచిపోయారు. అక్కయ్య మాత్రం బాగానే ఉందిగా, బాగానే ఉందిగా అంటూ తింది. అత్తయ్య ఎడంచేత్తో, స్పూనుతో, విస్తట్లో వేసిందంతా తినేసింది.

మధ్యాహ్నం అక్కయ్య ఫ్రిజ్ తెరిచి సీసాలవంక చూస్తూ నిలబడింది. పచ్చడి కుదరలేదని ఆవిడకీ తెలుసు. ఇంటిల్లిపాదికీ ఏడాది పచ్చడి అది. దాన్ని బయట పెడితే మళ్ళీ అల్మారా. లోపలుంటే ఎప్పటికీ ఊరదు. కట్టుకట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని అత్తయ్య లేచొచ్చింది. ఫ్రిజ్‌కి కాస్త ఎడంగా ఆగింది.

"ఊరలేదే. మూడ్రోజులు బయట పెట్టు."

అక్కయ్య తలుపు పిడి వదల్లేదు.

"అల్మారాలో వద్దులే. పొయ్యి గట్టు పక్కన పెట్టుకో. నేను తాళం వెయ్యను."

చెప్పి వెళ్ళి మళ్ళీ పడుకుంది. అక్కయ్య చాలాసేపు తలుపు తెరిచే ఉంచింది. బావగారు ఉండి ఉంటే మీటరు సంగతి గుర్తుచేసేవారు. తర్వాత సీసాలన్నీ తీసి జాడీల్లోకి మార్చి, గుడ్డలు కట్టి, గట్టు పక్కన పెట్టింది. ఆ మూడు రోజులూ ఆవిడ వంటింట్లోంచి కదల్లేదు. స్నానానికెళ్తే నన్ను కాపలా ఉంచేది. దొంగల భయం కాదు, అత్తయ్య భయం. అత్తయ్య వంటింటి గడప తొక్కితే ఒట్టు. మంచినీళ్ళు కావాలన్నా హాల్లోనుంచే అడిగింది.

తిరగకలిపిన రోజు ఊట ఉబికి పైకొచ్చింది. నూనె ఎర్రగా తేలింది. వాసన వీధిదాకా వెళ్ళింది. అక్కయ్య బేసిన్ దించి, వేడన్నం కలిపి, పిల్లలకీ నాకూ పెట్టి, ఒక ముద్ద పట్టుకుని హాల్లోకెళ్ళింది. అత్తయ్య కుడిచెయ్యి కట్టులో ఉంది కదా, నోరు తెరిచింది. అక్కయ్య పెట్టింది. అత్తయ్య నమిలి, ఉప్పు ఇంకాస్త పడుద్ది అంది. అని మళ్ళీ నోరు తెరిచింది. అన్నేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ అంత దగ్గరగా కూర్చోవడం నేను చూడలేదు. ఆ క్షణంలో నాకు ఇద్దరిమీదా సమానంగా ప్రేమ కలిగింది.

అయితే ఏం, ఆ సాయంత్రానికి ఊరిన పచ్చడంతా మళ్ళీ ఫ్రిజ్‌లోకి పోయింది. ఆవిడ నమ్మకం ఆవిడది.

అత్తయ్య పోయాక అల్మారా తాళంచెవి అక్కయ్యకే వచ్చింది. ఆవిడ ఆ తాళం తీసి ఎక్కడో పడేసి, అల్మారాలో వాడని ఇత్తడి గిన్నెలు పెట్టింది. మామూలుగా ఆ తలుపు తీసేదే కాదు. ఆకుపచ్చ ఫ్రిజ్‌కి మాత్రం ఎన్ని వైద్యాలు చేయించిందో. గ్యాసు నింపించింది, మోటారు మార్పించింది, తుప్పు పట్టినచోట రంగు వేయించింది. కొత్తది కొందామని కొడుకు ఎంత పోరినా వినలేదు.

కొన్నేళ్ళకి కోడలొచ్చింది. జి.కొండూరు పిల్ల. జగ్గయ్యపేటలోనే ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతుంది. నెమ్మదస్తురాలు, పనితనం ఉన్న పిల్ల. అక్కయ్య నాకు ఫోన్ చేసినప్పుడల్లా ఆ పిల్లని పొగిడేది. కోడల్ని పొగిడే అత్తగారంటే నాకు కాస్త భయం, ఎక్కువ కాలం సాగదని. కానీ ఆ విషయంలో పొరబడ్డాను, చాలా కాలమే సాగింది.

ఒక రోజు పదకొండు గంటల బస్సుకి, చెప్పకుండా, అక్కయ్య మా ఇంటికొచ్చింది. ఎప్పుడొచ్చినా సంచిలో పచ్చడి సీసా ఒకటి ఉండేది. ఆ రోజు లేదు. అంతకంటే వింత, వచ్చీ రాగానే కుర్చీలో కూర్చుంది. ఆవిడ కూర్చుందంటేనే నాకు అనుమానమొచ్చింది.

తాళంచెవి నీ దగ్గరుందా అని అడిగింది. ఏ తాళంచెవని నేను అడగలేదు.

సంగతేమిటంటే, ముందటి ఆదివారం ఆవిడ గుడికెళ్ళొచ్చేసరికి కోడలు ఫ్రిజ్ మొత్తం ఖాళీ చేసి కడిగింది. పెరుగు, దోసెల పిండి, కూరగాయలు పెట్టుకోవడానికి చోటు చేసింది. పచ్చళ్ళకి అల్మారా తుడిచి, పేపర్లు పరిచి, సీసాలన్నీ వరసగా సర్దింది. ఆవకాయ బయటే రుచండీ అత్తయ్యా, మా అమ్మ కూడా అల్మారాలోనే పెడుతుంది అని సంబరంగా చూపించింది.

"దానికేం తెలుసు, తెలీకే పెట్టింది. పనిమీద ప్రేమతోనే పెట్టింది. కానీ నా సీసాలు ఆ అల్మారాలో ఉంటే నేను చూళ్ళేకపోతన్నా అమ్మాయ్. నాలుగు రోజులైంది, పచ్చడి ముట్టుకోలా" అంది అక్కయ్య.

ఆ పిల్లకి జరిగింది చెప్పొచ్చుగా అన్నాను.

"ఏం చెప్పమంటావు? మీ ఆయన నాయనమ్మ ఇట్టాంటిదని చెప్పనా? పోయినావిడ మీద చాడీలు చెప్పనా? నా చేతిముద్ద తిన్న మనిషి."

అయినా ఊరుకోలేదు. తాళం వల్ల నువ్వెంత బాధపడ్డావో మర్చిపోయావా, ఇప్పుడు నువ్వే వేస్తావా, ఆ పిల్ల ఏమనుకుంటుంది అని నచ్చజెప్పాను. తాళం పచ్చళ్ళకే, మనుషులకి కాదు అంది. తెరవమని అడిగితే తెరుస్తాను, సీసాలు మాత్రం అక్కణ్ణించి కదలకూడదు అంది. అడిగితే తెరుస్తాననే మాట ఆవిడ నోటినుంచి వినడం నాకు కష్టంగా ఉంది. కానీ వస్తువు ఆవిడది. దాచిపెట్టమని ఇచ్చింది, తిరిగి అడిగింది. నేను బీరువాలోంచి తీసి చేతిలో పెట్టాను. భోంచేసి వెళ్ళమంటే ఆకలి లేదని, వచ్చిన కాళ్ళమీదే వెళ్ళిపోయింది.

తర్వాత ఫోన్ లేదు. నేను చేస్తే బావగారు ఎత్తి, బాగానే ఉంది, పనిలో ఉంది అనేవారు. నాకు మనసు ఆగలేదు. ఎవరిదో శుభలేఖ ఇచ్చే వంక పెట్టుకుని జగ్గయ్యపేట వెళ్ళాను. బస్సు దిగి, ఎండలో నడిచి, ఆ ఇంటి గడప ఎక్కేసరికే ఆవకాయ వాసన ఎదురొచ్చింది. ఎన్నేళ్ళుగానో ఆ ఇంట్లో లేని వాసన.

బావగారు ఊళ్ళోకెళ్ళారు. కోడలు కాలేజీలో ఉంది. అక్కయ్య నన్ను చూసి, చెయ్యి పట్టుకుని తిన్నగా వంటింట్లోకి తీసుకెళ్ళింది. గోడలో అల్మారా ఉంది. దానికి తలుపుల్లేవు. గొళ్ళెం లేదు, బందులు కూడా ఊడదీయించింది, వాటి మేకుల గుంటలు మాత్రం కనిపిస్తున్నాయి. అరల్లో పచ్చడి సీసాలూ జాడీలూ, తెల్లటి గుడ్డలు కట్టి, ఎవరికైనా అందేలా ఉన్నాయి. వడ్రంగిని పిలిచి తీయించానంది. కోడలు ఎందుకని అడిగితే తలుపులకి చెద పట్టిందని చెప్పిందట.

తర్వాత జరిగింది చెప్పింది, ఎప్పట్లాగే నిలబడి.

మా ఇంటినుంచి వెళ్ళిన మర్నాడు, కోడలు కాలేజీకి వెళ్ళగానే సీసాలన్నీ తిరిగి ఫ్రిజ్‌లో పెట్టి తాళం వేసింది. అన్నేళ్ళ తర్వాత కూడా ఆ తాళం చక్కగా పడింది. ఆ రోజు కాలేజీ ఒంటిపూట. మధ్యాహ్నం ఆ పిల్ల ఆకలిగా వచ్చింది. కంచంలో అన్నం పెట్టుకుని, అల్మారాలో పచ్చళ్ళు కనపడక ఫ్రిజ్ దగ్గరికెళ్ళింది. పిడి లాగింది. మళ్ళీ లాగింది. రాకపోతే తలుపు మీద అరచెయ్యి ఆనించి, కంచం పట్టుకుని, కాసేపు అలాగే నిలబడింది. అక్కయ్య వరండా కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఆ పిల్ల కేకెయ్యలేదు, అడగలేదు. వంటింట్లోకెళ్ళి కూర్చుని ఉత్త పప్పుతో కలుపుకోవడం మొదలుపెట్టింది.

"నన్ను నేను చూసుకున్నట్టే ఉంది అమ్మాయ్. కాకపోతే నాకు తలుపు సందులోంచి వాసనన్నా వచ్చింది. ఈ మాయదారి ఫ్రిజ్‌కి తాళమేస్తే ఆ వాసన కూడా రాదు కదే."

గబగబా వెళ్ళి తాళం తీసి, సీసా తెచ్చి, తనే వడ్డించింది. కోడలు తలెత్తి, తలుపు పట్టేసిందనుకున్నానండీ అత్తయ్యా, పాతదైపోయింది కదా అంది. తాళం వేసి ఉంటుందన్న ఆలోచన ఆ పిల్లకి రానే లేదు. ఇంట్లో తిండికి ఒకరు తాళం వేస్తారని ఆ పిల్ల ఎక్కడా చూసి ఉండదు. అక్కయ్య కూడా, అవునమ్మా పట్టేసింది అనే చెప్పింది. ఆ సాయంత్రమే వడ్రంగికి కబురు పెట్టింది.

ఇదంతా చెప్పేటప్పుడు ఆవిడ గొంతు ఎక్కడా వణకలేదు. నేనే కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. ఆవిడ నా మొహం చూసి, మళ్ళీ మొదలెట్టావా, ఉండు నీళ్ళు తెస్తా అని హాల్లోకెళ్ళింది. ఆకుపచ్చ ఫ్రిజ్ తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. గుమ్మంలోంచి తొంగిచూస్తే లోపల పెరుగు గిన్నె, బెండకాయలు, దోసెల పిండి, నీళ్ళ సీసాలు. ఒక సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. ఒళ్ళంతా చెమట పట్టినట్టు తడిగా ఉంది సీసా. ఆ ఇంటి కోడలినై అన్నేళ్ళయ్యాక, మొదటిసారి అక్కడ చల్లనీళ్ళు తాగాను. పళ్ళు జివ్వుమన్నాయి.

బయల్దేరేటప్పుడు నాతో వీధి గుమ్మందాకా వచ్చింది. బొడ్డునుంచి ఏదో తీసి, వెనకటిలాగే, నా గుప్పిట్లో పెట్టి మూసింది.

"నీ దగ్గరే ఉంచు. మళ్ళీ నేనడిగినా ఇవ్వకు."

ఇవ్వనని చెప్పాను. ఆ తర్వాత అడగడానికి ఆవిడకి ఎంతో కాలం లేదు. అడిగినా ఇచ్చేదాన్ని కాదు.